హోరులా వినిపించే సంగీతానికి ప్రచారం చేస్తే కడుపు నిండుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ చేసి మూడేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఏడాది నుంచి రాత్రిపూట ఒక చిన్న మ్యూజిక్ లేబుల్‌కు ప్రచారం పని చేసిపెడుతోంది. లేబుల్ అంటే ఆల్బమ్‌లు విడుదల చేసే సంస్థ. బెంగళూరులో ఇద్దరు స్నేహితులు దాన్ని నడుపుతున్నారు. ఆంబియెంట్, ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతమట. మొన్న భోజనాల దగ్గర టీవీ నడుస్తుండగా ఫోనులో వినిపించింది. పల్లవి లేదు, చరణం లేదు, ఫ్యాను తిరుగుతున్నట్టు ఒకటే హోరు. ఉద్యోగం మానేసి ఆ పనే చేస్తానంటోంది. అంత ఇష్టమైతే లండన్‌లో మ్యూజిక్ బిజినెస్ పీజీ చేయించండి, అక్కడే స్థిరపడుతుందని ఒక కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. మేం సంబంధాలు చూస్తున్నాం. అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఏం చెప్పాలి? ఉద్యోగం, పీజీ, లేబుల్, ఈ మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది గానీ ఈ ఉత్తరం నాకు ఏటా వస్తూనే ఉంటుంది. అందరూ జీతం గురించి అడుగుతారు. అడగలేక అడిగేది వేరే ఉంటుంది: నలుగురిలో పేరు పెట్టి చెప్పుకోలేని పనిలోకి పిల్ల వెళ్లిపోతే ఎలా అని. మీ ఉత్తరంలోనూ ఆ భయమే కనిపించింది. పోలిక చెబుతాను. ముందు మీ అమ్మాయి చేస్తున్న పని ఏమిటో మీకు తెలియాలి, ఎందుకంటే మీరు రాసినదాన్ని బట్టి మీరింకా దాన్ని తెలుసుకోలేదు.

హోరు సంగతితో మొదలుపెడదాం. ఫోను స్పీకరు మంద్రస్థాయిని సరిగా పలికించలేదు. ఈ సంగీతానికి సగం ప్రాణం అక్కడే ఉంటుంది. పక్కన టీవీ కూడా మోగుతుంటే మీకు ఫ్యాను చప్పుడు వినిపించడంలో వింతేమీ లేదు. కచేరీ మొదలయ్యే ముందు తంబుర ఒక్కటే మోగుతున్నప్పుడు చెవి నెమ్మదిగా దానిలోకి దిగుతుంది చూడండి, ఈ సంగీతం వినాల్సింది ఆ చెవితోనే. ఆంబియెంట్ అన్న పేరును స్థిరపరిచింది బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో, 1978లో విమానాశ్రయాల కోసమని చేసిన రికార్డుతో. అలాగని ఇది నిన్నమొన్న దిగుమతి అయిన విదేశీ పిచ్చి అనుకోకండి. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మోగ్ సింథసైజర్ (విద్యుత్తుతో ధ్వనులు పుట్టించే వాద్యం)తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టారు. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని ఏర్పాటు చేశారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్ వంటివారు అక్కడ పనిచేశారు. వారి టేపులు దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయాయి. 2023లో ఒక బ్రిటిష్ లేబుల్ వాటిని ఆల్బమ్‌గా విడుదల చేసింది.

ఇక ప్రచారం. హిందీ సినిమాలకు వాద్యకారుడిగా పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ 1982లో రాగాలను సింథసైజర్, డ్రమ్ మెషీన్ల మీద వాయించి ఒక రికార్డు చేశారు. విడుదల చేసింది పెద్ద కంపెనీయే, అయినా అప్పట్లో పట్టించుకున్నవారు లేరు. 2010లో ఒక డచ్ రికార్డుల సేకర్త తన చిన్న లేబుల్ ద్వారా దాన్ని మళ్లీ తెచ్చి, అది ఎందుకు వినదగినదో చెప్పగలిగాడు. ఏడు పదులు దాటిన వయసులో చరణ్‌జీత్ సింగ్ యూరప్ వేదికలెక్కారు. సంగీతంలో ఒక్క స్వరం మారలేదు. దాని తరఫున మాట్లాడే మనిషి దొరికాడు, అంతే. మీ అమ్మాయి ఆ మనిషి కావాలనుకుంటోంది.

అది ఊరికే ఫోనులో పోస్టులు పెట్టడం కాదు. ఒక ఆల్బమ్ విడుదలకు రెండు మూడు నెలల ముందే పని మొదలవుతుంది. ప్రతి ట్రాకుకూ ఐఎస్‌ఆర్‌సీ కోడు (ఆ రికార్డింగును గుర్తించే అంతర్జాతీయ సంఖ్య), స్వరకర్త పేరు, హక్కుదారు పేరు అన్నీ అక్షరం పొల్లుపోకుండా నమోదు చేయాలి. అక్కడ పొరపాటు దొర్లితే రాయల్టీ ఎవరి ఖాతాలోకీ చేరకుండా ఆగిపోగలదు. ఆ తర్వాత ఒక పేజీ పరిచయం రాయాలి. పనితనం ఇక్కడే తేలిపోతుంది. ‘అంతరంగాన్ని తాకే ధ్వని ప్రయాణం’ అని రాస్తే ఏ రేడియో సమర్పకుడూ రెండో వాక్యం దాకా రాడు, అలాంటివి అతనికి రోజూ కుప్పలుగా వస్తాయి. అదే, ‘నరసాపురం రేవులో పంటు ఇంజను చప్పుడును రికార్డు చేసి నాలుగో వంతు వేగానికి తగ్గించారు. రెండు స్థాయిలు కిందికి దిగిన ఆ చప్పుడే ఆల్బమ్ మొత్తానికి శ్రుతి’ అని రాస్తే లింకు తెరుస్తాడు. అలా రాయాలంటే ఆల్బమ్‌ను పదే పదే వినాలి, చేసినవారిని ఓపికగా ప్రశ్నలడగాలి. ఆపైన లండన్‌లోని ఎన్‌టీఎస్ రేడియోలో ఏ సమర్పకుడికి ఇది నచ్చుతుంది, 1982 నుంచి నడుస్తున్న ది వైర్ పత్రికలో ఇలాంటివాటి గురించి ఎవరు రాస్తారు, హైదరాబాద్‌లో లమకాన్ లాంటి చోట నలభై మందిని కూర్చోబెట్టి వినిపించవచ్చా అని ఒక్కొక్కటీ ఆలోచించి, ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరం రాయాలి. ఎక్కువ మంది జవాబివ్వరు. మరుసటి ఆల్బమ్‌కు మళ్లీ రాయాలి. ఏడాదిగా రాత్రిళ్లు మేలుకుని ఒక మనిషి ఈ పని చేస్తోందంటే, ఆ ఓర్పును ఏ రంగమైనా కళ్లకద్దుకుంటుంది.

డబ్బు విషయం దాచను. ఏడు డాలర్ల ఆల్బమ్ బ్యాండ్‌క్యాంప్‌లో (కళాకారులు, లేబుళ్లు నేరుగా సంగీతం అమ్ముకునే వెబ్‌సైట్) 200 కాపీలు అమ్ముడైతే, ఇలాంటి సంగీతానికి అది చెప్పుకోదగ్గ విజయమే. వచ్చేది 1,400 డాలర్లు. డిజిటల్ అమ్మకంపై బ్యాండ్‌క్యాంప్ వాటా 15 శాతం, చెల్లింపుల రుసుములు వేరు. మిగిలినదాన్ని కళాకారుడు, లేబుల్ చెరిసగం పంచుకుంటే లేబుల్‌కు దక్కేది యాభై వేల రూపాయలకు అటూ ఇటూ. అందులోంచే మాస్టరింగ్ (విడుదలకు ముందు ధ్వనికి దిద్దే తుది మెరుగులు), ముఖచిత్రం, క్యాసెట్ల తయారీ ఖర్చులు పోవాలి. స్ట్రీమింగ్ మీద ఆశ పెట్టుకోవద్దు. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని ట్రాకుకు స్పాటిఫై 2024 నుంచి రాయల్టీ లెక్కకట్టడమే మానేసింది. ఇద్దరు నడిపే లేబుల్ మూడో మనిషికి నెల జీతం ఇవ్వగలదని నేను అనుకోను. జీతం ఇస్తామని వాళ్లు అన్నా, ఎక్కడి నుంచి ఇస్తారో మీ అమ్మాయి మొహమాటపడకుండా అడగాలి.

నిద్ర సంగీతం, ఏకాగ్రత సంగీతం పేరుతో వందల ట్రాకులు ఎక్కించి కూర్చున్నచోటే సంపాదించవచ్చని యూట్యూబ్‌లో చెప్పేవారి జోలికి మాత్రం పోనివ్వకండి. వాన చప్పుడు, ఫ్యాను చప్పుడు లాంటి రికార్డింగులకు చెల్లింపులు తగ్గిస్తామని స్పాటిఫై ప్రకటించి చాలా కాలమైంది.

ఇప్పుడు లండన్ పీజీ. దీని గురించి నాకు గట్టి అనుమానాలున్నాయి, కాస్త విడమరచి చెబుతాను. కన్సల్టెన్సీ వారు మీకు చెప్పిన ‘అక్కడే స్థిరపడుతుంది’ అన్న మాటను వీసా నిబంధనల పక్కన పెట్టి చూడండి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ల గడువును, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలకు కుదించారు. ఆ తర్వాత అక్కడే ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. దానికి స్పాన్సర్ లైసెన్సు (విదేశీయులను పనిలో పెట్టుకునేందుకు ప్రభుత్వ అనుమతి) ఉన్న సంస్థ ఉద్యోగం ఇవ్వాలి. సాధారణ వేతన పరిమితి 2025 జూలై నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చదువు ముగించినవారికి కొంత సడలింపు ఉన్నా, ఇద్దరు ముగ్గురితో నడిచే ప్రయోగాత్మక లేబుల్ ఏదీ ఆ జీతం ఇవ్వలేదు, స్పాన్సర్ లైసెన్సు జోలికీ పోదు. ఇవ్వగలిగినవి పెద్ద కంపెనీలు. అక్కడ మీ అమ్మాయికి ఇష్టమైన సంగీతం ఉండదు. అంటే పాతిక, ముప్పై లక్షల అప్పు చేసి, ఏ పని కోసం వెళ్తుందో ఆ పనికి దూరమవుతుందన్నమాట.

పాఠ్యాంశాల మాటకొస్తే కాపీరైట్, పంపిణీ ఒప్పందాలు, మార్కెటింగ్ ఉంటాయి. అవి పనికొచ్చేవే. అక్కడ ఏర్పడే పరిచయాలకూ విలువ ఉంది, కాదనను. అయితే మీ అమ్మాయి ఆ పరిచయాలనే ఒక్కొక్క ఉత్తరంతో ఇక్కడి నుంచే సంపాదించుకుంటోంది. స్వరకర్తలు, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌లో నమోదు ఎలా, అమెరికా నుంచి వచ్చే రాయల్టీపై మన ఒప్పందం ప్రకారం 15 శాతమే పన్ను కోయాలంటే ఏ పత్రం నింపాలి లాంటివి ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో ఒక పూట కూర్చుంటే తేలిపోతాయి. ఇలాంటి కోర్సుల మీద మోజు పెరగడానికి కారణం తల్లిదండ్రులే అని నా అభిప్రాయం. పిల్లల ఇష్టానికి ఒక విశ్వవిద్యాలయం ముద్ర పడితే బంధువులకు చెప్పుకోవడానికి బాగుంటుందని అప్పు చేస్తున్నారు. మీరూ ఆ దారిలోనే ఆలోచిస్తున్నారు. లేబుల్‌లో పనిచేస్తుందంటే నామోషీ, అదే పనికి లండన్‌లో పీజీ చేస్తుందంటే గొప్ప. ఆ తేడా కోసం ముప్పై లక్షలా?

మరి ఇలాంటి లేబుళ్లు నడిపేవారు ఎలా బతికారు? చికాగోలో 1993లో క్రాంకీ లేబుల్‌ను ప్రారంభించిన ఇద్దరూ రికార్డుల పంపిణీ సంస్థలో పనిచేసినవారు. అమెరికాలోనే 1997లో ట్వెల్వ్ కే లేబుల్ పెట్టిన టేలర్ డుప్రీ ఇతరుల ఆల్బమ్‌లకు మాస్టరింగ్ చేస్తారు. బ్రిటన్‌లో 1982 నుంచి నడుస్తున్న టచ్ స్థాపకుల్లో ఒకరైన జాన్ వోజెన్‌క్రాఫ్ట్ లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో పాఠాలు చెప్పారు. ఈ రంగంలో పక్కన మరో ఆదాయం ఉండడం ఓటమి కాదు, అదే పద్ధతి. ఆ ఆదాయం ఉండబట్టే వారు అమ్ముడుపోతుందా అని భయపడకుండా తమకు నచ్చిన రికార్డులు తేగలిగారు. మీ అమ్మాయి చేతిలో అలాంటి ఆదాయం ఇప్పటికే ఉంది. ఆమెకు నా సలహా: ఇప్పుడే రాజీనామా చేయవద్దు. మీకు నా సలహా: ఆమె రాత్రిపూట పనిని వద్దనవద్దు.

సంబంధాల సంగతి కూడా మాట్లాడుకుందాం, మీకు కోపం వచ్చినా సరే. మీరు అంత పెద్ద ఉత్తరం రాశారు. ఆమె ఇంతవరకూ ఎన్ని ఆల్బమ్‌లకు పనిచేసింది, ఏవి నలుగురికీ చేరాయి, ఎవరు మెచ్చుకున్నారు అన్నది ఒక్క వాక్యం కూడా లేదు. మీకు తెలియదు, ఎందుకంటే అడగలేదు. ఒక మంచి సాయంత్రం టీవీ కట్టేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇరవై నిమిషాలు వినండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, ఆమె తట్టుకుంటుంది. పెళ్లివారు అడిగినప్పుడు దాచాల్సిన పని ఏముంది? ‘సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. రాత్రిపూట ఒక మ్యూజిక్ లేబుల్‌కు ప్రచార బాధ్యత చూస్తుంది’ అని చెప్పండి. ఆ రెండో వాక్యం విని మొహం చిట్లించే ఇల్లు ఆమెకు సరిపోదు. అది పెళ్లికి ముందే తెలిస్తే మీకే మేలు. ఆమె మీ మాట కాదని వెళ్లిపోలేదు, మీ ఎదురుగా కూర్చుని వినిపించింది. పెద్దవారికి చెప్పే పిల్లలున్న ఇంట్లో భయపడాల్సింది చాలా తక్కువ.

పోలిక అడిగారు కాబట్టి: పీజీ వద్దు. లేబుల్‌ను పూర్తికాలం పనిగా ఇప్పుడే ఎంచుకోవద్దు. ఉద్యోగం, లేబుల్ కలిపి మరో రెండేళ్లు నడవాలి. ఆ రెండేళ్లలో ఆమె కనీసం మూడు విడుదలలను మొదటి నుంచి చివరి దాకా తన చేతుల మీదుగా నడపాలి, ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు వెనకేసుకోవాలి. పంపిణీ సంస్థల్లో, ఆడియో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, సంగీతోత్సవాల నిర్వాహకుల దగ్గర ఉద్యోగాలకూ ప్రయత్నించవచ్చు. కోడింగ్ వచ్చి, మెటాడేటా (ట్రాకుల వివరాల నమోదు) తెలిసి, నాలుగు వాక్యాలు చక్కగా రాయగలిగినవారు అలాంటి చోట్ల అంత సులభంగా దొరకరు.

వెంటనే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆమె నియామక పత్రంలో బయటి పనుల గురించి ఏమి రాసి ఉందో చూడమనండి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈ విషయంలో కఠినంగా ఉంటున్నాయి, అవసరమైతే లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో మీ దంపతులు కూడా ఉన్నారేమో చూసుకోండి. ఎప్పుడైనా ఉద్యోగం వదిలితే అది ఆగిపోతుంది, కాబట్టి మీ ఇద్దరికీ విడిగా పాలసీ ఇప్పుడే తీసుకోవడం మంచిది. లేబుల్ వాళ్లతో ఇంతవరకూ అంతా స్నేహం మీదే నడిచి ఉంటుంది. ఇకపై ఆమె వాటా ఎంత శాతం, ఖర్చులు తీసేయకముందా తీసేశాకా, ఆమె కూడగట్టిన చిరునామాల జాబితా ఎవరిది, విడిపోతే లెక్కలు ఎలా అన్నవి ఒక కాగితం మీద ఉండాలి. సంతకం పెట్టే ముందు ఆ కాగితం నాకు పంపితే చదివి చెబుతాను. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయనివ్వండి.