బిడ్డా, ఇల్లంతా తెల్ల రంగు వేయించే ముందు

చిరంజీవి బిడ్డకు,

పెద్దబాపు దీవించి రాయునది.

ఇల్లంతా తెలుపే వేయించాలని నువ్వు, తెలుపు వేస్తే ఆస్పత్రిలా ఉంటుందని అల్లుడు, మధ్యలో నన్ను పంచాయితీ చెప్పమన్నారు. మీ ఇద్దరి వాదన ఫోన్లో చూసిన ఫొటోల మీదే నడుస్తోంది. ఆ ఫొటోల్లోని ఇళ్లలో గోడకు క్యాలెండర్ ఉండదు, కుర్చీ మీద ఆరేసిన తువ్వాల ఉండదు, స్విచ్‌బోర్డు పక్కన వేలిముద్ర ఉండదు. అందుకే మొన్న గోపాల్‌పూర్ వైపు వచ్చినప్పుడు మీ ఇల్లు మళ్లీ ఒకసారి గది గదికీ తిరిగి చూశాను. సుతారి (తాపీ మేస్త్రీ) పని బాగానే చేశాడు. గిలాబు (ప్లాస్టరింగ్) మూలలు తిన్నగా ఉన్నాయి.

నా మాట ముందే చెప్పేస్తాను. పై అంతస్తు పడకగదులకు తెలుపు వేయించు, బాగుంటుంది. అన్ని గదుల్లో లోపలి స్లాబుకు కూడా తెలుపే. హాలుకు మాత్రం పాలతెలుపు వద్దు, చిటికెడు పసుపు, గోధుమ కలిసిన తెలుపు వేయించు. వంటింటికి, మెట్ల దారికి, మీ అత్తమ్మ గదికి తెలుపు వద్దే వద్దు. ఎందుకో రాస్తాను, చదివాక మీరిద్దరూ కూర్చొని తేల్చుకోండి.

హాలు సంగతి ముందు. మీ హాలుకు పెద్ద కిటికీలు రెండూ ఉత్తరం వైపే ఉన్నాయి. వేసవిలో పొద్దున, సాయంత్రం కాస్త ఏటవాలుగా ఎండ తగులుతుందేమో కానీ మిగతా రోజుల్లో అక్కడికి వచ్చేది ఆకాశం వెలుగే. ఆ వెలుగులో నీలం పాలు ఎక్కువ. దాని ముందు పాలతెలుపు గోడ బూడిద రంగుకు తిరుగుతుంది, వానాకాలం మబ్బు పట్టిన రోజైతే మరీను. దానికి తోడు మీ పక్కింటాయన ప్రహరీకి ఆకుపచ్చ రంగు వేయించాడు. కిటికీకి, ఆ గోడకు మధ్య నాలుగడుగులు కూడా లేవు. పదకొండు గంటలప్పుడు ఆ పచ్చ గోడ మీద పడ్డ ఎండ తిరిగి మీ హాల్లోకే వస్తోంది. నేను జేబులోంచి తెల్ల కాగితం తీసి కిటికీ ఎదురు గోడకు ఆనించి చూశాను. కాగితం పచ్చగా కనపడింది. రేపు గోడ కూడా అంతే. పక్కింటి గోడ రంగు మార్చమని అడగలేం కదా.

ఇంకొకటి మీ నేల. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ పరిపించారు. రాయి మంచిదే, దేశదేశాలకు పోయే రాయి. కానీ పాలిష్ పట్టిన ముదురు గోధుమ నేల మీద పడ్డ వెలుగు గోడ కింది భాగానికి తన రంగే ఎక్కిస్తుంది. పైన బూడిద, మధ్యలో పచ్చ, కింద గోధుమ. ఒకే డబ్బాలోంచి తీసిన తెలుపు ఒకే గోడ మీద మూడు రకాలుగా కనపడుతుంది. అదే తాండూరు బండలు పరిచిన ఇల్లైతే ఇంకో తీరు ఉంటుంది. పై గదుల్లో మీరు లేత రంగు టైల్స్ వేశారు, కిటికీలు తూర్పుకు, దక్షిణానికి ఉన్నాయి. అక్కడ తెలుపు తెలుపులాగే ఉంటుంది. అందుకే వాటికి సరే అన్నాను. ఆ గదుల్లో వరంగల్ కొత్తవాడలో నేసే దరీ ఒకటి పరుచుకుంటే చూడు, ఆ ఎరుపు, నీలం చారలు తెల్ల గోడ ముందు ఎంత నిండుగా ఉంటాయో. గదిలో రంగున్న వస్తువు ఏదో ఒకటి ఉంటేనే తెల్ల గోడకు అందం. ఏమీ లేని గదిలో తెలుపు బోసిగా ఉంటుంది, అల్లుడు అన్న మాట అక్కడ నిజమే.

అల్లుడి ఆస్పత్రి భయానికి సగం కారణం లైట్లు. షాపులో ఏది చేతికొస్తే ఆ ఎల్ఈడీ తెచ్చి బిగిస్తాం. డబ్బా మీద 6500 కె అని ఉంటే అది నీలం కలిసిన తెల్ల వెలుగు, 3000 కె అంటే పసుపు వెలుగు, 4000 కె మధ్యలోది. తెల్ల గోడకు 6500 లైటు పెడితే రాత్రి భోజనానికి కూర్చున్నా వార్డులో కూర్చున్నట్టే ఉంటుంది. పడకగదికి 3000, హాలుకు 4000 పెట్టించండి. రంగు మార్చడం కంటే లైటు మార్చడం చవక, ముందు ఆ పని చేసి అప్పుడు మాట్లాడుకోవాలి.

షేడ్ కార్డు చూసి మాత్రం ఖరారు చేయకు. అగ్గిపెట్టె అంత ముక్కలో తెలుపులన్నీ ఒకేలా ఉంటాయి. కొన్ని కార్డుల మీద ఎల్ఆర్‌వి అని ఒక అంకె ఉంటుంది, ఆ రంగు ఎంత వెలుగును తిప్పి పంపుతుందో 0 నుంచి 100 లెక్కలో చెప్పేది. తెలుపులు సాధారణంగా 80 పైన ఉంటాయి. ఉత్తరం హాలుకు కూడా 75, 80 దగ్గరి లేత రంగు తీసుకుంటే వెలుతురు పెద్దగా తగ్గదు. మూడు రకాల తెలుపు చిన్న డబ్బాలు తెప్పించు. రెండడుగుల ప్లైవుడ్ ముక్కలకు రెండేసి కోట్లు వేసి పూర్తిగా ఆరనివ్వు, తడి మీద చూసిన రంగు ఆరాక ఉండదు. ఆ ముక్కల్ని నేలకు ఆనించి నిలబెట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి లైటు వేసి చూడు. గోడ మీదే మచ్చలుగా వేసి చూడొద్దు. ముక్కయితే ఒక గది నుంచి ఇంకో గదికి తీసుకుపోవచ్చు, పక్కన సోఫా బట్ట పెట్టుకొని చూడొచ్చు.

"మన ఊళ్లో పాత ఇల్లంతా తెలుపే కదా, ఏమైంది" అని మీ అమ్మ అన్నదట. అన్నది నిజమే, కానీ ఆ తెలుపు వేరు. సున్నం నానబెట్టి, గుడ్డలో వడగట్టి, ఇంత జిగురు, ఇంత నీలిమందు కలిపి దసరా ముందు ఏటేటా కొట్టేవాళ్లం. మాసిపోయే లోపు మళ్లీ పండుగ వచ్చేది. గోడ కింద రెండడుగులు జాజు (ఎర్రమట్టి) పూసేవాళ్లు, చీపురు దెబ్బలు, కాళ్ల మట్టి, వాన చిందులు అన్నీ ఆ ఎరుపులో కలిసిపోయేవి. పైగా సున్నం గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. ఇప్పటి ఎమల్షన్ రంగు గోడ మీద పొరలా పరుచుకుంటుంది, లోపల చెమ్మ ఉంటే పొక్కులు లేస్తుంది. ఏటేటా వేసే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు, నాలుగైదేళ్లు గోడ వైపు చూడం. తెలుపు కావాలంటే మాత్రం ఏడాదికి ఒకసారైనా మచ్చలు తుడిచి, అక్కడక్కడ బ్రష్ పెట్టే పని నెత్తిన వేసుకోవాలి. మీ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. ఆ పని ఎవరు చేస్తారో ముందే అనుకోండి.

వంటింట్లో పోపు పొగ, మెట్ల గోడకు పిల్లల చేతులు, వీటి గురించి నేను చెప్పేదేముంది, నీకు తెలుసు. దేవుడి గూడు మాత్రం మర్చిపోతారు. రోజూ దీపం పెడితే పైన మసి చార పడుతుంది, తుడిస్తే ఇంకా పాకుతుంది. అక్కడ గోడకు టైల్ గానీ రాయి గానీ వేయించు. సోఫా వెనక తలనూనె మరక సంగతి కూడా అంతే, సోఫాను జానెడు ముందుకు జరిపితే చాలు.

మీ అత్తమ్మ గది గురించి కొంచెం నిదానంగా చదువు. ఆమెకు చూపు తగ్గిందన్నావు. తెల్ల గోడ, తెల్ల తలుపు, తెల్ల స్విచ్‌బోర్డు, బాత్రూంలో తెల్ల టైల్స్ మీద తెల్ల కమోడ్, ఇవన్నీ మనకు శుభ్రంగా కనపడతాయి. చూపు మందగించిన మనిషికి ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. కిటికీ ఎదుటి గోడ తెల్లగా మెరిస్తే కళ్లు ఇంకా చెదురుతాయి. ఆ గదికి లేత చందనం రంగు మెరుపు లేనిది వేయించి, దర్వాజ చుట్టూ, స్విచ్‌బోర్డు చుట్టూ ముదురు రంగు ఉండేలా చూడు. బాత్రూంలో పట్టుకునే కడ్డీ గోడ రంగులో కలవకూడదు. ఫొటోలో అందం తగ్గితే తగ్గనీ, ఆమె రాత్రి లేచినప్పుడు తడబడకుండా ఉండాలి.

తెలుపు వేసే గదుల్లో లప్పం (పుట్టీ) పని దగ్గర ఉండి చూసుకో. పక్కనుంచి వెలుగు పడితే గోడలోని సొట్టలు తెలుపులో కూడా బయటపడతాయి, మెరుపున్న రంగైతే మరీ ఎక్కువ. లప్పం రెండు చేతులు పెట్టి, ఆరాక పేపర్ కొట్టిన రోజు రాత్రి లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చి గోడకు దాదాపు ఆనించి పక్కకు జరుపుతూ పో. ఎత్తుపల్లాలన్నీ నీడలుగా లేస్తాయి. పెన్సిల్‌తో సున్నా చుట్టి పెట్టు, పొద్దున మేస్త్రీకి చూపించి సరిచేయించు. ప్రైమర్ వేశాక అడిగితే వాళ్లకూ విసుగు, నీకూ టెన్షన్.

గోడ ఆరిందో లేదో కూడా చూసుకోవాలి. గిలాబు అయ్యాక 28 రోజులైనా ఆగాలి, వానాకాలం ఐతే ఇంకా ఎక్కువ. అడుగు చదరం ప్లాస్టిక్ కవరు గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి తెల్లారి దాకా ఉంచు. లోపల నీటి చెమటలు కనపడితే ఇంకా ఆగాలి. మీ బాత్రూం వెనక గోడ నాకు అనుమానంగా ఉంది. ఉప్పు లేచే గోడకు ఏ రంగూ నిలవదు, తెలుపైతే చెమ్మ వేసే పసుపు మరక వీధి దాకా కనపడుతుంది. 2023 జూలై వానలకు ఇళ్లలోకి నీళ్లొచ్చిన లోతట్టు కాలనీల వాళ్లయితే కింద మూడడుగులు టైల్ వేసుకోవడం మేలు. మీది మెరక, ఆ బాధ లేదు.

ఇక నువ్వు తెలుపు వేస్తే ఇల్లు చల్లగా ఉంటుందన్నావు. లోపలి గోడకు ఏ రంగు వేసినా ఇల్లు చల్లబడదు, వెలుతురు పెరుగుతుంది అంతే. చల్లదనం కావాలంటే తెలుపు డాబా మీద వేయాలి. మే నెల ఎండంతా తాగేది స్లాబే, రాత్రి పడుకున్నాక ఆ వేడి కిందికి దిగుతుంది. మన తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే డాబా) విధానం తెచ్చింది కూడా ఇందుకే. డాబాకు గోడ ఎమల్షన్ పనికిరాదు, లేచిపోతుంది. డాబాల కోసమే చేసిన తెల్ల కోటింగ్ వేయించి, దుమ్ము పేరుకోకుండా అప్పుడప్పుడు కడుగుతూ ఉండాలి. చేతిలో డబ్బు తక్కువ పడితే హాలు రంగు వాయిదా వెయ్యి, ఇది మాత్రం ఆపకు.

బయటి గోడలకు మీగడ రంగు చాలు. ఎర్రమట్టి దుమ్ము, రాళ్ల లారీల దుమ్ము మీ రోడ్డుకు తప్పదు. పిట్టగోడ పైభాగం వాలు లోపలికి ఉండాలి, బయటికి ఉంటే మొదటి వానకే నల్ల చారలు కిందికి దిగుతాయి. వాన నీళ్లు గోడకు పాకకుండా సజ్జల అంచు కింద గాడి పెట్టారో లేదో కూడా సుతారిని అడుగు. ప్రహరీకి ఐతే తెలుపు ఊసే ఎత్తొద్దు. మీ వీధిలో కోతులు గుంపుగా తిరుగుతున్నాయి, వాటి పాదాల ముద్రలు లెక్కపెట్టుకోవడానికి తప్ప తెల్ల ప్రహరీ దేనికీ పనికిరాదు.

తలుపులకు ఆయిల్ ఎనామిల్ తెలుపు వేస్తామని పెయింటర్ అంటే ఒప్పుకోకు. వెలుగు పడని చోట అది ఏడాది రెండేళ్లలో పసుపు తిరుగుతుంది, పక్కనున్న తెల్ల గోడ ముందు ఇంకా పాతగా కనపడుతుంది. నీళ్లలో కలిసే అక్రిలిక్ ఎనామిల్ అడుగు, లేదంటే టేకు తలుపులకు పాలిష్ పట్టించి వదిలెయ్యి. వాస్తు ప్రకారం ఏ దిక్కుకు ఏ రంగు అనేది మీ అత్తమ్మను అడుగు, నేను అందులో తలదూర్చను.

రంగు మిషన్లో కలిపించాక డబ్బా మూత మీద అంటించే చీటీని ఫొటో తీసి పెట్టుకో. దాని మీద షేడ్ నంబరు, ఏ బేస్ (రంగు కలిపే మూల పెయింటు) వాడారో ఉంటుంది. ఒక్కో గదికి లీటరు మిగుల్చుకుని మూత గట్టిగా బిగించి మెట్ల కింద పెట్టు. ప్లైవుడ్ ముక్కలు తయారయ్యాక ఫోన్ చెయ్యి, ఆదివారం పొద్దున వస్తాను. పదకొండు గంటల దాకా ఉంటేనే హాలు సంగతి తేలుతుంది, కాబట్టి టిఫిన్ అక్కడే.

ఇట్లు,
మీ పెద్దబాపు