గోడ మీది పట్టిక తీసెయ్, చిట్టితల్లీ

చిట్టితల్లీ,

స్పానిష్ బీ-వన్ (మధ్యస్థాయి) పరీక్షకి కడుతున్నావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. సబ్జంక్టివ్ పట్టిక, అదే, కోరికా సందేహం ఇంకా జరగనిదీ చెప్పే క్రియారూపాల పట్టిక, గోడకి అంటించుకుని రాత్రీ పగలూ వల్లె వేస్తున్నావని కూడా చెప్పింది. అప్పటినుంచీ నాకు ఒకటే టెన్షన్.

రూపాలు ఒక పూట పని. వర్తమానంలో 'నేను' రూపం తీసుకో: ఆబ్లో, అంటే 'మాట్లాడతాను'. చివరి 'ఓ' తీసెయ్. 'ఆర్'తో ముగిసే క్రియలకి 'ఎ' వస్తుంది: ఆబ్లె, ఆబ్లెస్, ఆబ్లె, అబ్లేమోస్, అబ్లేయిస్, ఆబ్లెన్. 'ఎర్', 'ఇర్' క్రియలకి 'అ' వస్తుంది: కోమ (తినడం), బీబ (జీవించడం). ఐదో రూపం, అంటే 'మీరందరూ' రూపం, స్పెయిన్‌లో వాడతారు. లాటిన్ అమెరికాలో ఆరోదే సరిపోతుంది.

నా భయం వేరే. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయికి పట్టిక నిద్రలో కూడా వచ్చేది. మౌఖిక పరీక్షలో, నా స్నేహితుడు ఇంకా మాట్లాడాలి అని చెప్పబోయి "కియేరో కె మి అమీగో ఆబ్లా మాస్" అన్నాడు. కోరేది ఒకరు, చేసేది ఇంకొకరు కాబట్టి 'కె' (అని) తర్వాత మామూలు 'ఆబ్లా' కాదు, 'ఆబ్లె' రావాలి. తప్పు తనకే తెలిసిపోయింది. ఆ కంగారులో ఇక అన్నిచోట్లా సబ్జంక్టివే పెట్టాడు. మాట్లాడతాడని నమ్ముతున్నాను అనడానికి "క్రేయో కె ఆబ్లె" అన్నాడు. నమ్మేది చెప్పేటప్పుడు 'ఆబ్లా'యే ఉండాలి. 'నో క్రేయో కె' (నమ్మను) అంటేనే 'ఆబ్లె'. తాను మాట్లాడాలనుకున్నప్పుడు "కియేరో ఆబ్లె" అన్నాడు. కోరేదీ చేసేదీ ఒక్కరే అయితే ఊరికే 'కియేరో అబ్లార్' చాలు. అంతే, ఆ తర్వాత నోరు పెగల్లేదు. చక్కగా మాట్లాడే పిల్లాడు! నాకు ఇప్పటికీ బాధే.

నువ్వూ అలాంటిదానివే. చిన్నప్పుడు ఒక్క మాట తప్పితే ఏడ్చి, మళ్లీ మొదటినుంచీ అప్పజెప్పేదానివి. తప్పు దొర్లితే ఆ వాక్యం పూర్తి చేసి ముందుకెళ్లు తల్లీ, వెనక్కి పోకు. ఎంత చెప్పినా వినవని తెలుసు, అయినా చెబుతున్నాను.

పట్టిక తీసేసి ఆ చోట వాక్యాల మొదళ్లు రాసి పెట్టుకో: 'కియేరో కె' (కావాలని కోరుతున్నాను), 'ఎస్పేరో కె' (ఆశిస్తున్నాను), 'దూదో కె' (అనుమానమే), 'ఓహలా' (అలా జరిగితే బాగుండు), 'పారా కె' (అందుకోసం). రోజూ ఒక్కోదాన్నీ నీకు నిజంగా కావలసిన దానితోనే పూర్తి చెయ్. 'క్వాందో' (ఎప్పుడైతే) దగ్గర మాత్రం జాగ్రత్త: 'నువ్వు వచ్చినప్పుడు' అన్నది రోజూ జరిగేదైతే 'క్వాందో యేగాస్', ఇంకా జరగాల్సినదైతే 'క్వాందో యేగెస్'. రాసేటప్పుడు ఆ 'గె'లో 'యు' అక్షరం మరిచిపోకు, లేకపోతే పలుకే మారిపోతుంది.

ఆదివారం ఫోన్ చెయ్. 'నో క్రేయో కె'తో నేను మొదలుపెడతాను, నువ్వు పూర్తి చేద్దువుగాని.

మీ పెద్దమ్మ