పాత బాయిలర్ మార్చాలా వద్దా, ముందు ఇవి చూసుకో

చిన్నా,

ఇంటిని వెచ్చగా ఉంచే మీ గ్యాస్ బాయిలర్‌కి పదిహేనేళ్లు దాటాయి కాబట్టి మార్చేయాల్సిందే అని మెకానిక్ అన్నాడని టెన్షన్ పడుతున్నావు. వయసు ఒక్కటే చూసి తీసేయకు. అసలు ఏ భాగం పాడైందో అడుగు. పంపు, థర్మోస్టాట్, ఇగ్నిషన్ లాంటివి విడిగా మార్చుకోవచ్చు. నీటి ప్రెషర్ మాటిమాటికీ పడిపోతోందన్నావు కదా, అది ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో (వేడికి ఉబ్బే నీటికి చోటిచ్చే తొట్టి) గాలి తగ్గి కావచ్చు, లేదా పైపు ఎక్కడో కారుతూ ఉండొచ్చు, పైపే కారుతుంటే కొత్త బాయిలర్ పెట్టినా ప్రెషర్ పడుతూనే ఉంటుంది. రేడియేటర్ (వేడినీరు తిరుగుతూ గదిని వెచ్చబరిచే పలక) పైభాగం చల్లగా ఉంటే గాలి చేరిందని, కిందిభాగం చల్లగా ఉంటే తుప్పు మడ్డి పేరుకుందని అనుకో. గాలి తీయడం నువ్వే చేసుకోవచ్చు, మడ్డి మాత్రం కడిగించాలి.

మంట వేడిని నీటికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ పగిలినా, విడిభాగాలు దొరక్కపోయినా ఇక దాని మీద డబ్బు పెట్టకు.

అన్నిటికంటే నాకు భయం గ్యాస్ సరిగా మండకపోతే పుట్టే విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్ గురించే. దానికి రంగూ వాసనా ఉండవు. నీలంగా ఉండాల్సిన గ్యాస్ మంట పసుపు తిరిగినా, చుట్టూ మసి కనిపించినా, ఇంట్లో ఉంటే తలనొప్పి, వికారం వచ్చి బయటికెళ్తే తగ్గుతున్నా వెంటనే బాయిలర్ ఆపి అందరినీ బయటికి తీసుకొచ్చెయ్. మెకానిక్ వచ్చి చూసేదాకా మళ్లీ వెలిగించొద్దు. ఆ వాయువుని పసిగట్టే అలారం లేకపోతే ఇవాళే పెట్టించు, మిగతా విషయాలు తర్వాత.

మార్చాలనే తేలితే కండెన్సింగ్ రకం, అంటే పొగతో పోయే వేడిని కూడా పట్టుకునేది, తీసుకో. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీరు సుమారు 55 డిగ్రీల లోపు ఉంటేనే పొగలోని ఆవిరి నీరై ఆ వేడి కూడా నీకు దక్కుతుంది, అందుకే కొత్తది పెట్టాక కూడా నీటి వేడిని పాతరోజుల్లోలా బాగా పెంచి వాడితే పెట్టిన డబ్బుకి తగ్గ లాభం రాదు. బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే హీట్ పంపు సంగతీ అడిగి చూడు, ఒక యూనిట్ కరెంటుకి దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, కాకపోతే ఇల్లు వేడిని బాగా నిలుపుకోవాలి.

ఇంకో మాట, పైకప్పుకి ఇన్సులేషన్ చేయించే ఆలోచన ఉంటే అది ముందు కానివ్వు. ఇల్లు వేడి తక్కువ పోగొట్టుకుంటే చిన్న బాయిలరే సరిపోతుంది, అవసరానికి మించి పెద్దది పెడితే ఊరికే వెలుగుతూ ఆరుతూ త్వరగా అరిగిపోతుంది.

ప్రమాదం లేకపోతే ఎండాకాలం దాకా ఆగు. అప్పుడు ఇద్దరు ముగ్గుర్ని పిలిచి, ఇంటికి ఎంత వేడి కావాలో గదుల వారీగా లెక్క వేయమను. పాత బాయిలర్ మీది లేబుల్ చూసి అదే సైజు రాసిచ్చేవాడికి మాత్రం పని ఇవ్వకు.

మీ పెదనాన్న