పాత జూనో-106 ఇప్పుడు కొనొచ్చా? ఆ సౌండ్ నిజంగా వేరేగా ఉంటుందా?

చెన్నైలో ఒకరు పాత రోలాండ్ జూనో-106 సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డు) అమ్ముతున్నారనీ, ల్యాప్‌టాప్‌లో అదే సౌండ్‌ను అనుకరించే ప్లగిన్ (సాఫ్ట్‌వేర్) ఉండగా దాని మీద అంత డబ్బు పెట్టడం దండగేమో అనీ అడిగారు. అదే కీబోర్డు వడపళనిలో మా ముందు గదిలో ఏడేళ్లుగా ఉంది. ఒక్క సౌండ్ కోసమే అయితే తొందరపడకండి. చేత్తో స్లైడర్లు జరుపుతూ వాయించాలని ఉండి, చెడిపోతే విప్పించుకునే ఓపిక కూడా ఉంటే తీసుకోండి.

అనలాగ్ అంటే శృతి కొంచెం అటూ ఇటూ ఊగుతుంది, అందం అక్కడే ఉంది అంటారు చాలామంది. జూనో విషయంలో ఆ మాట చెల్లదు. 1978లో వచ్చిన ప్రోఫెట్-5 లాంటి వాటిలో స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్లు వోల్టేజీతో నడుస్తాయి కాబట్టి వేడెక్కితే శృతి జారుతుంది, ట్యూన్ బటన్ నొక్కి సరిచేసుకోవాలి. 1984లో వచ్చిన జూనో-106లో ఆ శృతిని డిజిటల్ క్లాక్ పట్టి ఉంచుతుంది. మే నెల ఎండల్లో, ఏసీ లేని గదిలో కూడా నాది శృతి తప్పలేదు. పైగా ఒక్కో వాయిస్‌కు, అంటే ఒకేసారి పలికే ఒక్కో స్వరానికి, ఆసిలేటర్ ఒక్కటే. శబ్దాన్ని నిండుగా చేసే కోరస్ అనే ఎఫెక్ట్ తీసేసి వింటే నీళ్లు కలిపిన మజ్జిగలా పల్చగా ఉంటుంది. కొన్న రోజు అలా విని, దీనికా లక్ష పోశాను అనుకున్నాను.

కోరస్ బటన్ నొక్కాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. భజనలో పదిమంది ఒకే పాట అందుకున్నప్పుడు ఒకరిది వెంట్రుకవాసి ముందు, ఒకరిది వెనక, ఒకరిది కాస్త పైన పలుకుతుంది కదా, ఆ నిండుతనం అక్కడి నుంచే వస్తుంది. జూనోలో ఆ పని రెండు చిన్న చిప్‌లు చేస్తాయి. ఒక్కోదానిలో 256 మెట్లు. శబ్దం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు చేతులు మారుతూ ఆలస్యంగా బయటికి వస్తుంది, ఆ ఆలస్యం మెల్లగా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఎడమ పక్క పెరుగుతుంటే కుడి పక్క తరుగుతుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటే గది గోడలు జరిగినట్టుంటుంది. దాంతోపాటు సన్నగా ఒక బుస కూడా వస్తుంది. అది రిపేరు కాదు, దాని స్వభావమే.

శబ్దంలోని పదును తగ్గించే ఫిల్టర్ సంగతి మాటల్లో చెప్పడం కష్టం. నోరు మూసి ‘మ్’ అంటూ, మెల్లగా ‘ఆ’ అని తెరిచి చూడండి. ఆ స్లైడర్ చేసేది అదే. ఫిల్టర్ కోసే చోట శబ్దాన్ని ఎత్తి చూపే రెజొనెన్స్ పెంచుతూ పోతే చివరికి ఫిల్టరే ఈల వేస్తుంది.

ఒకేసారి ఆరు స్వరాలే పలుకుతాయి.  కీ గట్టిగా కొట్టినా, మెల్లగా కొట్టినా శబ్దం ఒకటే. పియానో నేర్చుకుని వచ్చినవాళ్లకు ఇది మింగుడుపడదు. హార్మోనియం అలవాటున్నవాళ్లకు తేడాయే తెలియదు.

ఇక నా కష్టం వినండి. అమ్మినాయన ‘కండిషన్ ఫస్ట్ క్లాస్’ అన్నాడు. డిసెంబరు వానల్లో ఒక రాత్రి వాయిస్తుంటే ప్రతి ఆరో నోటు మింగేస్తోంది. ఐదు పలుకుతాయి, ఒకటి మౌనం. వారం తిరిగేసరికి ఇంకో వాయిస్ వేలు తీసినా ఆగకుండా గొణగడం మొదలుపెట్టింది. ఈ మోడల్‌కు ఇది పేరుపడ్డ జబ్బు. ఆరు వాయిస్‌లకు ఆరు 80017ఏ చిప్‌లు ఉంటాయి. ఒక్కోదానిలో ఆ వాయిస్ ఫిల్టరు, వాల్యూము ఉంటాయి. వాటి మీద పోసిన ఎపాక్సీ పూత ఏళ్లు గడిచేకొద్దీ చెడిపోయి, లోపల కరెంటు పోకూడని చోటుకు పోతుంది.

రిచీ స్ట్రీట్‌లో ఒక గూడూరాయన ఉన్నాడు, యాంప్లిఫయర్లు బాగుచేస్తాడు. పై ప్యానెల్ కారు బానెట్‌లా ఎత్తి చూసి, “ఈ తారు పూసిన దువ్వెన ముక్కలేంది తమ్ముడూ?” అన్నాడు. ఆరింటినీ ఓపిగ్గా పీకి ఇచ్చాడు. నేను వాటిని అమ్మ ఆవకాయ పెట్టే గాజు సీసాలో అసిటోన్ పోసి నానబెట్టాను. ప్లాస్టిక్ మూత అసిటోన్‌కు మెత్తబడుతుందని స్టీలు ప్లేటు బోర్లించి, గ్యాస్ పొయ్యికి దూరంగా బాల్కనీలో పెట్టాను. రెండు రోజులకు పూత ఉబ్బి, టూత్‌పిక్‌తో గీకితే పెచ్చులుగా ఊడింది. లోపల ఆవగింజల్లాంటి విడి భాగాలు కనిపించాయి. మళ్లీ అతికిస్తే ఐదు బతికాయి. ఆరోదాని కాలు నా చేతిలోనే విరిగింది. దాని బదులు ఇప్పటివాళ్లు తయారుచేస్తున్న చిప్ తెప్పించుకున్నాను. ఆ సీసా మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు అమ్మ.

కాబట్టి చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు కోరస్ ఆఫ్ చేయించండి, అది చాలా లోపాల్ని కప్పేస్తుంది. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే టెస్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. అప్పుడు ఒక్కో కీ నొక్కినప్పుడు ఏ వాయిస్ పలుకుతోందో డిస్‌ప్లేలో నంబరు కనిపిస్తుంది. ఒకే కీని ఆరుసార్లు నొక్కి, ఆరూ ఒకేలా ఉన్నాయా వినండి. పది నిమిషాలు వేడెక్కాక మళ్లీ వినండి. చిప్‌లు మార్చారా అని అడగండి, మార్చి ఉంటే ధర కొంచెం ఎక్కువైనా నయమే. వెనకాల వోల్టేజీ ఎంత రాసి ఉందో తప్పకుండా చూడండి. జపాన్ మోడల్ 100 వోల్టులది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెడితే కథ అక్కడితో సరి.

సేవ్ చేసిన సౌండ్లు పోయి ఉంటే బేరం మానుకోవద్దు. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది, అంతే. ఆ రోజుల్లో 128 ప్యాచ్‌లనూ (సేవ్ చేసిన సౌండ్లనూ) క్యాసెట్‌లో దాచుకునేవారు. ఇప్పుడు బ్యాటరీ మార్చి, ఆ క్యాసెట్ శబ్దాన్నే ఫోన్ నుంచి లోడ్ సాకెట్‌లోకి వినిపిస్తే చాలు. కీచుమని ఫ్యాక్స్ మిషన్‌లా అరుస్తుంది, ఆ తర్వాత ప్యాచ్‌లన్నీ తిరిగొస్తాయి.