పక్కింటికి కొత్తవాళ్లొచ్చారు

ప్రశ్న: మా వీధికి జీడిపప్పు పనికి బీహార్ కుటుంబం వచ్చింది. తెలుగు రాదు. తొమ్మిదేళ్ల పాప టీసీ లేక ఇంట్లోనే ఉంటోంది. ఎలా సాయపడాలండీ?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: ముందు పాపను బడికి తీసుకెళ్లండమ్మా. టీసీ లేదని చేర్చుకోకుండా ఆపకూడదు. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. 2009 విద్యాహక్కు చట్టం చెప్పేది ఇదే. మీరు పక్కనుంటే ఆ తల్లికి సగం టెన్షన్ తగ్గుతుంది. వాళ్ల ఊరి రేషన్ కార్డు ఆధార్‌తో లింకై ఉంటే, వేలిముద్ర వేసి బియ్యం ఇక్కడే తీసుకోవచ్చు. మొదటిసారి మీరూ వెళ్లండి, డీలర్ కసిరితే ఆమె మళ్లీ ఆ గుమ్మం తొక్కదు.

1960ల్లో బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనవాళ్లెందరో! వాళ్లకూ ఇరుగుపొరుగే దిక్కయ్యారు. సాయంత్రం మీ పిల్లలతో ఆ పాపనూ ఆడనివ్వండి. తెలుగు అక్కడే వచ్చేస్తుంది.