పగ తీర్చుకోకుండా పాలకులను మార్చడం ఎలా? ప్రశ్నలు, జవాబులు

క్రీ.పూ. 404లో స్పార్టా చేతిలో ఓడిన ఏథెన్స్‌లో ముప్పైమంది ముఠా ఒకటి స్పార్టా అండతో పీఠమెక్కింది. 1500 మందిని చంపించింది. 3000 మంది పేర్లతో జాబితా రాసి, అందులో ఉన్నవాళ్ళే పౌరులంది. తరిమివేతకు గురైనవాళ్ళలో థ్రసిబులస్ అనే సేనాని డెబ్భైమందితో ఫైలీ అనే కొండకోట పట్టుకున్నాడు. అక్కడ బలం కూడగట్టుకుని రేవుపట్నం పిరేయస్‌కు దిగాడు. ముఠా నాయకుడు క్రిటియాస్ ఆ పోరులోనే చచ్చాడు. చివరికి స్పార్టా రాజు పౌసానియస్ మధ్యవర్తిగా 403లో ఊళ్ళో ఉండిపోయిన ‘ఊరివాళ్ళు’, థ్రసిబులస్ వెంట ఉన్న ‘రేవువాళ్ళు’ రాజీపడి, జరిగిన కీడును తలచుకోబోమని ప్రమాణం చేసుకున్నారు. గత సంచికలో ఈ సంగతి క్లుప్తంగా ఇచ్చాం. దాని మీద వచ్చిన ప్రశ్నలే ఈసారి శీర్షిక నిండా.

ప్రశ్న: అందరినీ క్షమించేశారని రాశారు. మరి ఆ హంతక ప్రభుత్వంలో పనిచేసినవాళ్ళు కుర్చీల్లోనే ఉండిపోయారా? (ఒంగోలు)

లేదు. ‘క్షమించడం’ అన్న మాటే కొంచెం దారి తప్పిస్తుంది. వాళ్ళు చేసిన ప్రమాణం ‘జరిగిన కీడును తలచుకోను’ అని. మనసులో ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం, దాన్ని పట్టుకుని కోర్టుకెక్కకు అని దాని అర్థం. కోర్టుకెక్కనివ్వకపోవడం ఒకటి, పదవి ఇవ్వడం మరొకటి. ఏథెన్స్ ఈ రెంటినీ ఎప్పుడూ కలపలేదు.

ప్రమాణపు రక్షణ వర్తించనివాళ్ళు నాలుగు జట్లు: ఆ ముప్పైమంది, వాళ్ళను దింపాక ఊరిని నడిపిన పదిమంది, రేవును ఏలిన పదిమంది, చెరసాలా మరణశిక్షలూ చూసుకున్న పదకొండుమంది. అన్నీ కలిపి 61 స్థానాలు, అంతే. వీళ్ళకు కూడా తలుపు పూర్తిగా మూయలేదు. ఏథెన్స్‌లో ఏ అధికారి అయినా పదవి దిగాక లెక్క అప్పగించాలి. ముందు డబ్బు లెక్క, తరువాత నడవడి మీద ఫిర్యాదులు. ఆ పరీక్షలో నెగ్గితే వీళ్ళూ అందరిలాంటి పౌరులే.

అయితే ఎవరి ముందు అప్పగించాలి? ఒప్పందంలో అతి తెలివైన వాక్యం ఇక్కడుంది. రేవును ఏలినవాళ్ళు రేవు జనం ముందు, ఊరిని ఏలినవాళ్ళు ఊళ్ళో పన్ను కట్టేంత ఆస్తి ఉన్నవాళ్ళ ముందు. అంటే ఊరి అధికారికి నిన్న తను చంపించినవాడి తమ్ముడు ఒక్కడే తీర్పరి కాడు. ఈ హామీ లేకపోతే ఊళ్ళో ఎవడూ ఆయుధం దించేవాడు కాడు. ఊరిని నడిపిన పదిమందిలో ఒకడైన రైనోన్ లెక్క అప్పగించి, ఆ వెంటనే సేనానిగా ఎన్నికయ్యాడు కూడా. ముప్పైమందిలో ఊళ్ళోనే ఉండిపోయిన ఎరటోస్తనీస్‌కు మాత్రం ఏథెన్స్‌లో స్థిరపడ్డ పరదేశి, వక్త లైసియాస్ ఫిర్యాదీగా ఎదురయ్యాడు. లైసియాస్ అన్న పొలిమార్కస్‌ను వీధిలో పట్టుకెళ్ళింది ఎరటోస్తనీసే. విషం తాగించి చంపారు. ఆ కుటుంబం డాళ్ళ కార్ఖానా నుంచి 700 డాళ్ళూ, 120 మంది బానిసలూ దోపిడీలో పోయాయి.

ఇంకో మినహాయింపు: తన చేత్తో తానే చంపినవాడి మీద హత్యానేరం పెట్టవచ్చు. పేరు చెప్పి పట్టించినవాడి మీద కుదరదు. ఇది చాలామందికి మింగుడుపడలేదు. ముప్పైమంది హయాంలో చావులు ఎక్కువగా పట్టించడం వల్లే వచ్చాయి మరి.

ప్రశ్న: పాత ప్రభుత్వం పోయి కొత్తది వచ్చేలోపు ఊరిని ఎవరు నడిపారు? (నిజామాబాద్)

ఇరవైమందిని ఎన్నుకున్నారు. చట్టాలు తేలేదాకా వాళ్ళది ఆపద్ధర్మ బాధ్యత. ఆ పైన చీటీల పద్ధతిలో పది తెగల నుంచి యాభైమంది చొప్పున 500 మంది సభ, ఇతర అధికారులు. 403-2 సంవత్సరానికి యూక్లిడీస్ ఆర్కన్ అయ్యాడు. ఆర్కన్ అంటే ఆ ఏడాదికి తన పేరే పెట్టే ముఖ్య అధికారి.

చట్టాల విషయంలో టైసమెనస్ ప్రతిపాదించిన తీర్మానం చూడండి. అప్పటిదాకా పాతకాలపు శాసనకర్తలైన సోలన్ చట్టాలు, సోలన్ తూనికలు కొలతలు, డ్రాకో శాసనాలు నడుస్తాయి. (తూనికలు ఎందుకంటారా? ఊరు తెరుచుకున్న మర్నాడే అంగడి తెరుచుకోవాలి!) అదనంగా కావలసిన చట్టాలను పలకల మీద రాసి, తెగల మూలపురుషుల విగ్రహాల దగ్గర అందరూ చదివేలా పెట్టాలి. ఊళ్ళవారీగా ఎన్నికైన 500 మంది శాసనకర్తలూ సభా కలిసి వాటిని వడపోయాలి. ఏ మామూలు పౌరుడైనా సభకొచ్చి సలహా చెప్పవచ్చు. నిలిచినవాటిని గోడ మీద చెక్కాలి. రాతలో లేని చట్టాన్ని ఏ అధికారీ వాడకూడదు. ముప్పైమంది నోటి మాటతో ఏలారు కాబట్టి ఈ చివరి నియమం మీద అంత పట్టు.

ప్రశ్న: రాజీ ఇష్టం లేనివాళ్ళకు వేరే ఊరు ఇచ్చారట. నిజమేనా? (బళ్ళారి)

నిజమే. ఆ ఊరు ఎల్యూసిస్. ముప్పైమందిలో మిగిలినవాళ్ళు ముందే అక్కడికి చేరి, ఊరి మగవాళ్ళను చంపించి ఖాళీ చేసి పెట్టుకున్నారు. ఒప్పందం దాన్నే ఒక పద్ధతిలో పెట్టింది. వెళ్ళదలచినవాళ్ళు ప్రమాణం జరిగిన 10 రోజుల్లో పేరు రాయించుకోవాలి, 20 రోజుల్లో కదలాలి. అక్కడ స్వపరిపాలన వాళ్ళదే, రాబడి వాళ్ళదే, ఉమ్మడి రక్షణ నిధికి మాత్రం అందరిలాగే కట్టాలి. ఇల్లు కావాలంటే యజమానితో బేరం కుదుర్చుకోవాలి. కుదరకపోతే చెరి ముగ్గురు మధ్యవర్తులు ధర కడతారు, వాళ్ళు చెప్పినదే ధర. ఎల్యూసిస్ గుడి ఇద్దరికీ ఉమ్మడి. మహోత్సవం రోజుల్లో తప్ప అక్కడివాళ్ళు ఇక్కడికీ, ఇక్కడివాళ్ళు అక్కడికీ రాకూడదు. అక్కడ కాపురమున్నంతకాలం ఏథెన్స్‌లో పదవి లేదు. మనసు మారితే మళ్ళీ ఊరి పేర్లలో రాయించుకోవాలి.

ఎక్కడ తేడా కొట్టింది? జనం పేరు రాయించుకోవడం చివరి రోజులకు వాయిదా వేస్తూ పోయారు. భయపడినవాళ్ళు చాలామంది ఉన్నారు, అందరూ వెళితే ఊరు చీలినట్టే. రేవువాళ్ళ నాయకుల్లో ఒకడైన ఆర్కినస్ అది కనిపెట్టి, మిగిలిన గడువును రద్దు చేయించాడు. వెళ్దామా వద్దా అని ఊగిసలాడేవాళ్ళు గడప దాటకుండానే ఆగిపోయారు. మాట తప్పడమే అది. కానీ ఆ వారంలో అతను చేసిన అతి మంచి పని కూడా అదేననిపిస్తుంది.

ఎల్యూసిస్ రెండేళ్ళకు మించి నిలవలేదు. అక్కడివాళ్ళు కిరాయి సైనికులను కూడగడుతున్నారని తెలిసి 401-400లో ఏథెన్స్ సేన బయల్దేరింది. మాట్లాడుకుందామని వచ్చిన ఎల్యూసిస్ సేనానులను చంపేశారు. మిగిలినవాళ్ళ దగ్గరికి బంధువులనూ స్నేహితులనూ పంపి నచ్చజెప్పి కలిపేసుకున్నారు. ఒప్పందానికి అంటిన పెద్ద మచ్చ ఇది.

ప్రశ్న: జప్తు చేసి అమ్మేసిన ఆస్తులు, యుద్ధం కోసం చేసిన అప్పులు ఎవరి నెత్తిన పడ్డాయి? (రాజమండ్రి)

అమ్ముడైనవి కొన్నవాడివే, అమ్ముడుపోనివి తిరిగొచ్చినవాడివి. బాధితుడికి ఇది కడుపుమంట. కానీ కొన్న ప్రతివాడి చేతిలోంచీ లాక్కుంటే మళ్ళీ కత్తులు లేచేవి. అప్పుల సంగతికొస్తే, ఎవరి యుద్ధం అప్పు వాళ్ళే తీర్చుకోవాలని ఒప్పందం. ఊరివాళ్ళు స్పార్టా దగ్గర 100 టాలెంట్లు (చాలా పెద్ద మొత్తం) తెచ్చారు, అదీ రేవువాళ్ళను కొట్టడానికే! చివరికి జనం దాన్ని ఉమ్మడి ఖజానా నుంచే కట్టారు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ అప్పు తీర్చడం చాలా అరుదు.

ప్రశ్న: ప్రమాణం చేశాక కూడా ఎవరైనా పాత కక్షతో కేసు వేస్తే? (హైదరాబాద్)

మొదట వేసినవాణ్ణి ఆర్కినస్ సభ ముందుకు లాక్కెళ్ళి, విచారణ లేకుండానే చంపించాడు. ఆ దెబ్బకు చాలాకాలం ఎవరూ నోరెత్తలేదు. కానీ ప్రతిసారీ అలా చంపలేరు కదా. అందుకే ఒక చట్టం తెచ్చాడు. ప్రతివాది ముందుగా లేచి ‘ఈ కేసు ప్రమాణానికి విరుద్ధం’ అని అడ్డుపిటిషన్ వేయవచ్చు. అధికారులు ముందు దాన్నే విచారణకు తేవాలి, అందులో ప్రతివాదే మొదట మాట్లాడాలి. ఓడినవాడు దావా మొత్తంలో డ్రాక్మాకు ఒక ఒబోల్ చొప్పున ఎదుటివాడికి చెల్లించాలి. ఆరు ఒబోల్‌లు ఒక డ్రాక్మా కాబట్టి అది ఆరోవంతు.

కల్లిమాకస్ అనేవాడు 10,000 డ్రాక్మాలకు వేసిన దావా తీసుకోండి. ఊరిని నడిపిన పదిమంది హయాంలో అతని డబ్బు జప్తయింది. అందుకు కారకుడివంటూ ఒక పౌరుడి దగ్గర 200 డ్రాక్మాలు పుచ్చుకుని రాజీపడి, మళ్ళీ కోర్టుకెక్కాడు. ఓడితే 1666 డ్రాక్మాల 4 ఒబోల్‌లు కట్టుకోవాలి. అంత సొమ్ము చేతి నుంచి పోతుందంటే కక్ష ఎంతటిదైనా ఒకసారి లెక్క వేసుకుంటుంది.

ప్రశ్న: కోర్టుకు లాగకూడదు సరే. పదవిలోకి రాకుండా ఆపిందేమిటి? (విశాఖపట్నం)

అసలు ప్రక్షాళన జరిగింది ఇక్కడే. చీటీలో పేరొచ్చినంత మాత్రాన పదవి రాదు. మన నామినేషన్ల పరిశీలన లాంటిదే గానీ, దానికన్నా నిలదీత ఎక్కువ. ఆర్కన్ పదవికి ఎంపికైనవాణ్ణి నిలబెట్టి అడుగుతారు: నీ తండ్రి ఎవరు, ఏ ఊరు? తాత? తల్లి, తల్లి తండ్రి? నీ ఇంటి దేవతల గుళ్ళెక్కడ? మీ పెద్దల సమాధులెక్కడ? తల్లిదండ్రులను సరిగా చూసుకుంటున్నావా? పన్నులు కట్టావా? యుద్ధాలకు వెళ్ళావా? ప్రతి జవాబుకూ సాక్షులుండాలి. చివర్లో ‘ఇతని మీద ఎవరైనా చెప్పేదుందా?’ అని అడుగుతారు. క్షమ ప్రమాణం ఈ తలుపు దగ్గర పనిచేయదు. ఇది శిక్ష కాదు కదా, అర్హత చూడటమే అనేవాళ్ళు. ముప్పైమంది కింద సభలో కూర్చున్నాడనో, గుర్రపుదళంలో ఉన్నాడనో లేచి చెప్పవచ్చు. వినేవాళ్ళు తమ ఓటుతో ఎంత బరువివ్వాలో అంత ఇస్తారు.

ఇందులో తగువంతా రుజువు దగ్గరే. 500 మంది సభకు ఎంపికైన మాంటితియస్ మీద ఆరోపణ, సున్నం పూసిన పలక మీద గుర్రపుదళం జాబితాలో పేరుండటం. పలక మీద పేరు చెరపడం, రాయడం ఎంతసేపని అతను ఎదురుతిరిగాడు. గుర్రాల వాళ్ళకు అప్పట్లో ఇచ్చిన సామగ్రి సొమ్మును రాజీ తరువాత తిరిగి వసూలు చేయాలని, తెగనాయకుల చేత పేర్లు రాయించారు. వదిలేస్తే ఆ సొమ్ము వాళ్ళే కట్టాలి కాబట్టి ఆ జాబితాలో అబద్ధం ఉండదు, అందులో నా పేరు లేదు అన్నాడు. ఏ కాగితాన్ని నమ్మాలో తేల్చాలంటే, అది తప్పైతే ఎవరి జేబు చిరుగుతుందో చూడమన్నమాట. గుర్రపుదళం మీద జనానికి కోపం మాత్రం తగ్గలేదు. 399లో స్పార్టా 300 మంది గుర్రపువాళ్ళను ఆసియా యుద్ధానికి అడిగితే, ముప్పైమంది కింద పనిచేసినవాళ్ళను ఏరి పంపారు. అక్కడే చస్తే లాభమనుకున్నారట.

పద్ధతికి పెద్ద బలహీనత గడువు. 382లో ఆర్కన్‌గా వచ్చిన లియోడమస్‌ను తిరస్కరించారు. ప్రత్యామ్నాయంగా చీటీలో వచ్చిన ఎవాండ్రస్ కూడా పాత సభలో, గుర్రపుదళంలో ఉన్నవాడే. కానీ అప్పటికి ఏడాదిలో మిగిలింది ఒక్క రోజు. ఆ రోజు జ్యూస్ దేవుడికి బలుల దినం, కోర్టు కూర్చోదు. కాదంటే కొత్త ఏడాది ఆర్కన్ లేకుండా మొదలవుతుంది. ఎవాండ్రస్ ఆర్కన్ అయ్యాడు. యుద్ధం ముగిసి ఇరవై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న ఇంకా తలుపు దగ్గరే కూర్చుందన్నది గమనించండి.

ప్రశ్న: రేవువాళ్ళతో కలిసి పోరాడిన పరదేశులకూ బానిసలకూ ఏమిచ్చారు? (వరంగల్)

థ్రసిబులస్ అందరికీ పౌరసత్వం ఇద్దామన్నాడు. ఆర్కినస్ అది చట్టవిరుద్ధమని కొట్టించాడు. ప్రతిపాదన ముందుగా 500 మంది సభ గుండా రాలేదన్నది సాంకేతిక కారణం. లైసియాస్ కూడా అలా పౌరసత్వం పోగొట్టుకున్నవాడే. 401-400లో చెక్కిన ఒక శాసనంలో మాత్రం గౌరవం పొందినవాళ్ళ పేర్ల పక్కన వృత్తులున్నాయి: రైతు, వంటవాడు, వడ్రంగి. అవతలి కొసన ఫొర్మీసియస్ అనేవాడు భూమి ఉన్నవాళ్ళకే పౌరహక్కు ఉంచుదామన్నాడు. సుమారు 5000 మంది హక్కు పోయేది. అదీ నెగ్గలేదు.

ప్రశ్న: ఇందుకు పూర్తి విరుద్ధంగా చేసిన దేశం ఉందా? (డాలస్)

ఇంగ్లండ్. అంతర్యుద్ధం, గణతంత్రం ముగిసి రాజు తిరిగొచ్చాక 1661 చట్టంతో నగరపాలక సభల మీదికి కమిషనర్లను పంపారు. 1663 మార్చి 25 దాకా వాళ్ళకు అధికారం. పదవిలో ఉన్న ప్రతివాడూ రాజభక్తి ప్రమాణం చేయాలి, రాజు మీద ఆయుధమెత్తడం తప్పని ఒప్పుకోవాలి, రాజుకు ఎదురునిలిచిన పార్లమెంటు స్కాట్లండ్‌తో చేసుకున్న 1643 నాటి ఒడంబడికను ఖండించాలి. ఇవన్నీ చేసినా ప్రజాభద్రత పేరుతో తీసేయవచ్చు. కొత్తగా వచ్చేవాళ్ళు ఎన్నికకు ముందు ఏడాదిలోపు ఆంగ్ల చర్చిలో ప్రభుభోజనం తీసుకుని ఉండాలి. ఆ షరతు 1828 దాకా పుస్తకాల్లో ఉంది. ప్రభుత్వం అంతటితో ఆగక గ్లౌస్టర్, కోవెంట్రీ, నార్తాంప్టన్ లాంటి ఊళ్ళ గోడలు కూడా పడగొట్టించింది.

ప్రశ్న: ముప్పైమంది కాలంనాటి కాగితాలు, తీర్పులు ఏమయ్యాయి? (తెనాలి)

ఆ ఏడాదికి పైథడోరస్ ఆర్కన్. అతని పేరును లెక్కలోంచి తీసేసి, ఏడాదిని ‘పాలకుడు లేని ఏడు’ అన్నారు. చట్టాలు యూక్లిడీస్ ఏడాది నుంచి వర్తిస్తాయి. ప్రజాప్రభుత్వం ఉన్నప్పుడు ఇచ్చిన పాత తీర్పులు మాత్రం చెల్లుతాయి. లేకపోతే అప్పులన్నీ గాలికి పోయేవి. ముప్పైమంది పగలగొట్టించిన శాసనాలను మళ్ళీ చెక్కించారు. థాసస్ దీవికి చెందిన అపెమాంటస్ కొడుకులు అయిదుగురికి ఏథెన్స్ ఇచ్చిన గౌరవ శాసనం అలాంటిదే. ముప్పైమంది హయాంలో రాయి పోయిందని అందులోనే రాసి, సభ కార్యదర్శి చేత కొత్తది చెక్కించారు. చెక్కించిన ఖర్చు మాత్రం ఆ అన్నదమ్ముల్లో ఒకడైన యూరిపిలస్‌దే.