నమ్మకం లేకుండా మాల వేసుకోవాలా?

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్లు. మాదాపూర్‌లో ఉద్యోగం, మల్కాజిగిరిలో అమ్మానాన్నలతోనే ఉంటాను. నాన్న ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు. ఈసారి పద్దెనిమిదోసారి, శబరిమలకి కొబ్బరి మొక్క తీసుకెళ్తారు. నన్ను కన్నెస్వామిగా వెంట తీసుకెళ్లాలని పట్టు. నాకు దేవుడి మీద నమ్మకం లేదు, ఇంటర్ నుంచే లేదు. ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి, పది రోజులైంది, నాతో మాట్లాడటం మానేశారు. నేను ఎదురుగా ఉండగానే "వాడికి అన్నం పెట్టు" అని అమ్మతో అంటారు. అమ్మేమో "ఒక్కసారి వేసుకుంటే నీ సొమ్మేం పోయింది?" అంటుంది. నా కొలతలతో నల్లబట్టలు కూడా కుట్టించేశారు, నా మంచం మీదే మడతపెట్టి ఉన్నాయి. ఏం చెయ్యను?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వేసుకోకు తమ్ముడూ. సొమ్మేం పోదు గానీ 41 రోజులు తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, చెప్పుల్లేకుండా మెట్రో ఎక్కి ఆఫీసుకెళ్లడం, ఇవన్నీ నమ్మినవాడికి ఇష్టంగా ఉంటాయి, నీకు వారం తిరక్కుండానే నాటకం అయిపోతుంది. పైగా మాల పడిన రోజు నుంచి మీ అమ్మ కూడా నిన్ను "స్వామీ" అనే పిలుస్తుంది. ఆ పిలుపుకి ఎలా పలుకుతావు?

నాన్నతో దేవుడున్నాడా లేడా అన్న వాదనకి దిగకు. "నమ్మకం లేకుండా మెడలో వేసుకుంటే ఆ మాలకే మర్యాద కాదు నాన్నా" అను, చాలు. పదిహేడేళ్లు నియమం తప్పని మనిషికి ఆ మాట తగులుతుంది, ఆ పూటకి ఒప్పుకోకపోయినా. నాకైతే ఆయన దిగులు, తోటి స్వాములు "అబ్బాయి రాలేదా?" అని అడిగితే ఏం చెప్పాలా అని కూడా అనిపిస్తోంది.

రాజ్యాంగం 25వ అధికరణంలో అంతరాత్మ స్వేచ్ఛ ఉంది. 2023లో మన తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రం దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అని రాసుకునే వీలు కల్పించమంది కూడా. తెలుసుకుని ఉండు, కానీ కంచం ముందు కూర్చుని చదివి వినిపించకు, కోర్టులు మౌనవ్రతాలు విడిపించలేవు! 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, జంధ్యం వేసుకోనన్నందుకు ఇల్లు వదలాల్సి వచ్చింది. నీ పరిస్థితి అంతదాకా పోలేదు.

ఇంట్లో నువ్వు చెయ్యగలిగినవి బోలెడున్నాయి. ఆ 41 రోజులూ ఉల్లి, వెల్లుల్లి లేని కూర సణగకుండా తిను. స్వాములకి భిక్ష పెట్టే రోజు సెలవు పెట్టి నువ్వే వడ్డించు. ఇరుముడి కట్టే రోజు పక్కనుండు, సికింద్రాబాద్ స్టేషన్ దాకా వెళ్లి రైలెక్కించు. దండం పెట్టమంటే మాత్రం, ఇష్టం లేకపోతే, పెట్టకు.

ఆ నల్లబట్టలు విసురుగా అమ్మ చేతికివ్వకు, మడత చెదరకుండా బీరువాలో పెట్టు. కొబ్బరి మొక్క ఇంకా కొనలేదనుకుంటా. ఆదివారం పొద్దున్నే బండి తీసి, "నర్సరీకి వెళ్దామా నాన్నా" అని అడిగి చూడు. వెనక ఎక్కి కూర్చుంటారో లేదో నాకు మళ్లీ రాయి.